ఒంటిగంట పాలు

నంద్యాలలో డిగ్రీ చదివిన మూడేళ్లూ హరితకు సగం రోజులు ఆబ్సెంటే పడింది. కాలేజీకి పోక కాదు. పోయి, బెంచీలో కూర్చుని, "ప్రెజెంట్ సార్" అంటే ఆ గొంతు లెక్చరర్ దాకా చేరక. పక్కనున్న పిల్ల లేచి "ఉంది సార్, ఇక్కడే ఉంది" అని అరిస్తే తప్ప పేరు పక్కన టిక్కు పడేది కాదు. ఎంత నెమ్మదస్తురాలో అని చుట్టాలందరూ మెచ్చుకునేవారు. నెమ్మది మంచిదే. కానీ అవసరమైన మాట కూడా గొంతు దాటి రాకపోతే దాన్ని ఏమనాలో ఆ మెచ్చుకున్నవాళ్లే చెప్పాలి.

అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం కూడా నోరు తెరవక్కరలేనిదే. చెవులకు ఇయర్‌ఫోన్లు, కాలి కింద పెడల్, వేళ్ల కింద కీబోర్డు. అమెరికాలో డాక్టర్లు రోగిని చూశాక గబగబా చెప్పి రికార్డు చేసిన మాటలను ఇక్కడ విని, టైపు చేసి, అక్కడ తెల్లారేసరికి వాళ్లకు పంపాలి. రోజుకు ఇన్ని లైన్లు టైపు చేయాలని లెక్క. మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అంటారు. తొంభై ఏడులో పెళ్లయి హైదరాబాదు రాగానే హరిత అమీర్‌పేటలో ఆ కోర్సు చేసింది. టైపు హయ్యరు పాసైన వేళ్లు, సైన్సు చదివిన బుర్ర. రోగాల పేర్లు నాలుగు నెలల్లో నోటికొచ్చాయి. నోటికంటే వేళ్లకొచ్చాయనడం సబబు.

ఆఫీసు మాదాపూర్‌లో. కొత్తగా తెరిచిన గుండ్రటి పెద్ద బిల్డింగును చూడ్డానికి జనం స్కూటర్ల మీద పిల్లల్ని ఎక్కించుకుని వస్తున్న రోజులవి. హరిత ఆఫీసు అందులో కాదు. దానికి రెండు సందులు ఇవతల, ఎవరో ఇల్లు కట్టుకుని ఆఫీసుకు కిరాయికిచ్చిన మూడంతస్తుల మేడలో. టెర్రస్ ఎక్కితే ఆ గుండ్రటి బిల్డింగు కనబడుతుంది. విజిటింగ్ కార్డు మీద హైటెక్ సిటీ అని వేసుకోవడానికి ఆ కనబడడం చాలునట.

కాపురం బోరబండలో, మేడ మీద రెండు గదుల వాటా. భర్త రంగనాథ్‌ది ప్రొద్దుటూరు. హఫీజ్‌పేట్ అవతల వెంచర్లలో ప్లాట్లు చూపించే పని. బండరాళ్ల మధ్య మనుషుల్ని తిప్పుతూ "ఐదేళ్లు ఆగి చూడండి సార్, ఇదే సెంటర్" అంటుంటాడు. ఒక్కోసారి అతనికే నవ్వొస్తుంది. ఇంట్లో మొగుడూ పెళ్లాలిద్దరి మాటలూ అతనొక్కడే మాట్లాడేస్తాడని చుట్టాల వేళాకోళం. ప్లాటు అమ్ముడైన నెలలో అతను రాజు. అమ్ముడుపోని నెలలో ఇల్లు నడిచేది హరిత ఉద్యోగంతోనే.

మొదటి కాన్పు పుట్టింట్లో. తొంభై తొమ్మిది ఫిబ్రవరిలో ఆడపిల్ల పుట్టింది. తొలి పది రోజులూ నరకమే. చనుమొనలు పగిలి, పాప నోరు పెట్టిందంటే హరిత కాళ్లు ముడుచుకుపోయేవి, కళ్ల వెంట నీళ్లు కారేవి. తల్లి గంగమ్మ పాపను ఇంకాస్త దగ్గరికి జరిపి, నోరు పెద్దగా తెరిచాక పట్టించడం నేర్పింది, పగుళ్లకు వెన్న రాసింది, వెల్లుల్లి కారం, పచ్చి బొప్పాయి కూర, మెంతికూర పప్పు దగ్గర కూర్చుని తినిపించింది. పదకొండో రోజుకు నొప్పి పోయింది. ఆ తర్వాత చూడాలి పాలు! పాప ఒక పక్క తాగుతుంటే రెండో పక్క జాకెట్టు తడిసిపోయేది. పుట్టినప్పుడు పిడికెడంత ఉన్న పిల్ల రెండు నెలలకు బుగ్గలు, గడ్డం కింద మడత, మణికట్టుకు గీతలు తేలింది. జలుబన్నది లేదు, విరేచనమన్నది లేదు. ఎవరూ పక్కనుండి అందించక్కర్లేకుండా ఒక పని తాను ఇంత బాగా చేయగలనని హరితకు జీవితంలో మొదటిసారి తెలిసింది. ఆ సంతోషాన్ని ఆమె ఎవరికీ చెప్పలేదు గానీ, చాలా సంతోషంగా ఉండేది.

ఐదో నెల వచ్చాక బిడ్డతో అత్తారింటికి పంపడం వాళ్లలో ఆనవాయితీ. ఆఫీసుకు ఆనవాయితీలతో ఏం పని? రెండు నెలలు నిండీ నిండకముందే నంద్యాలలో పక్కింటి ఫోనుకు మౌనిక ఫోన్ చేసింది. మౌనిక అంటే హరిత టీమ్ లీడర్.

"హరితా, ఏప్రిల్ ఫిఫ్టీన్త్‌కి జాయిన్ కాకపోతే నీ సిస్టమ్ ఇంకొకరికి ఇచ్చేస్తారు. నేను ఎన్నాళ్లని హోల్డ్ చేయను చెప్పు?"

"సరే" అంది హరిత. అంతే. ఇంకో నెల ఇస్తారా అని అడిగితే ఇచ్చేవారో లేదో, అడగలేదు కాబట్టి తెలియదు.

పాపను చూసుకోవడానికి ప్రొద్దుటూరు నుంచి అత్త రత్నమ్మ దిగింది. పొడుగు మనిషి, పొడుగుకు తగ్గ గొంతు. ఆమె బియ్యం కడుగుతూ మాట్లాడితే కింది వాటాలో ఉండే నర్సు హన్నాకు రేషన్ బియ్యమో మార్కెట్ బియ్యమో కూడా తెలిసిపోయేది. మనసు మంచిది. పాప మీద ప్రాణం. "నువ్వు పో మే, నేను లేనా? రంగడిని పెంచినదాన్ని కానా?" అని కోడలిని పంపించింది.

హరిత ఏడింటికి పాలిచ్చి వెళ్లింది. పదకొండయ్యేసరికి రెండు పక్కలా బరువెక్కి, చేయి కీబోర్డు మీదికి చాపితే లాగేస్తోంది. కంప్యూటర్ల కోసం హాలంతా చల్లగా ఉంచుతారు కాబట్టి స్వెటర్ వేసుకుంటే ఎవరూ వింతగా చూడలేదు. ఏప్రిల్ నెలలో హైదరాబాదులో స్వెటర్! అది చలికి కాదని, లోపల రెండు చేతిరుమాళ్లు మడిచి పెట్టుకుందని ఎవరికి తెలుసు? రెండో రోజు ఒక ఫైలు వచ్చింది. ఎక్కడో అమెరికాలో డాక్టరు రిపోర్టు చెబుతున్నాడు, వెనకాల ఏదో పసిబిడ్డ గుక్క పట్టి ఏడుస్తోంది. ఇయర్‌ఫోన్లలో ఆ ఏడుపు పడడం, హరితకు పాలు చేపడం ఒక్కసారే జరిగాయి. రుమాళ్లు ఆపలేదు, స్వెటర్ ముందుభాగమంతా తడిసింది. లేచి బాత్రూముకు పరుగెత్తింది.

పద్నాలుగు మంది ఆడపిల్లలకు ఒకటే బాత్రూము. పాలు పిండి వాష్‌బేసిన్‌లో పోస్తుంటే ఆమెకు ఏడుపొచ్చింది. ఇంట్లో పాప ఈపాటికి సీసా నోట్లో పెట్టుకుని ఉంటుంది, ఇక్కడ చూస్తే ఇవి మోరీ పాలు. ఎవరికి చెప్పుకోవాలి ఈ అన్యాయం? బయట తలుపు రెండుసార్లు కొట్టారు. వచ్చి కూర్చోగానే మౌనిక అడిగింది.

"ఏంటి హరితా, పావుగంట? ఇలా అయితే లైన్స్ అవుతాయా?"

"తలనొప్పి."

మూడో రోజూ తలనొప్పే. నాలుగో రోజు సిగ్గుపడి బాత్రూముకు పోవడమే మానేసి, పళ్లు బిగబట్టి సాయంత్రం దాకా కూర్చుంది. ఇంటికొచ్చేసరికి ఎడమవైపు ఎర్రగా కందిపోయి, ముట్టుకుంటే ప్రాణం పోతోంది. చలి, వణుకు, నూట మూడు జ్వరం. ఇక్కడొక విచిత్రం చెప్పాలి. పాలు గడ్డకట్టి రొమ్ము వాచి జ్వరం రావడాన్ని డాక్టర్లు మాస్టైటిస్ అంటారు. ఆ మాటను హరిత అంతకుముందు ఏడాదిలో కనీసం నలభైసార్లు టైపు చేసి ఉంటుంది. ఏం చేయాలో కూడా ఆ రిపోర్టుల్లోనే ఉంటుంది, పాలు పట్టడం మానొద్దు, పాలు తీసేస్తూ ఉండాలి అని. ఇంత టైపు చేసిన మనిషికి తనకొచ్చింది అదేనని తట్టలేదు. ఆ రోగాలన్నీ అమెరికా వాళ్లవి మరి.

రత్నమ్మ చూసి అదిరిపోయింది. "ఏమ్మే ఇది? రాయి మాదిరి ఉండాది! నాలుగు దినాలుగా నోట్లో ఏం పెట్టుకోని ఉండావు?"

వేడినీళ్ల గుడ్డతో కాపడం పెట్టింది. పాలు పిండింది. మాత్ర తెప్పించి వేసింది. తెల్లారికి జ్వరం దిగింది. దిగాక మంచం పక్కన కూర్చుని తేల్చి చెప్పింది.

"రోజూ ఇట్లయితే నువ్వు మిగలవు. ఉద్యోగం మానుకో, లేదంటే పాలు మాన్పించు. డబ్బా పాలు తాగి పిల్లోళ్లు పెరగడంల్యా?"

పాలు మాన్పించొద్దు అత్తా, ఇంకో దారి చూద్దాం. ఈ ఒక్క ముక్క హరిత గొంతులోనే ఉంది. అందులోనే ఉండిపోయింది. ఆమె తలవంచుకుని కూర్చుంటే రత్నమ్మ అది ఒప్పుకోలు అనుకుంది. ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఆ సాయంత్రం రత్నమ్మ బోరబండ మార్కెట్టుకు పోయి ఆరు మూరల మల్లెపూలు తెచ్చింది. తలలోకి కాదు. దండలను మడతలు పెట్టి కోడలి రొమ్ముల మీద పరిచి, పాత చీర చింపి బిగించి కట్టింది. పాలు ఇంకిపోవడానికి అటువైపు ఆడవాళ్లు అలా కడతారు. వాడిన పూలు తీసి మళ్లీ సాయంత్రం కొత్తవి. రంగనాథ్ ఇంట్లోకి రాగానే గాలి పీల్చి "ఏంటి, పెళ్లిల్లు లాగా ఘుమఘుమలు!" అని నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి సంగతి తెలుసుకుని, "అమ్మకు తెలుసులే" అన్నాడు. ఆ పూల మహిమో, బిగించి కట్టడమో, పాప నోరు తగలకపోవడమో, వారానికి పాలు ఇంకిపోయాయి. హరితకు స్వెటర్ అవసరం తీరింది. లైన్లు పెరిగాయి. మౌనిక మెచ్చుకుంది.

ఆ ఎండాకాలం మీకు గుర్తుందో లేదో, బోరబండలో నల్లా నాలుగు రోజులకోసారి వచ్చేది. మిగతా రోజులు ట్యాంకరు నీళ్లు. రత్నమ్మ పొద్దున సీసా ఉడకబెట్టేది, నీళ్లు కాచే కలిపేది, అందులో ఆమె తప్పేమీ లేదు. ఆ తర్వాత మాత్రం రబ్బరు పీకను బక్కెట్లో ముంచి కడిగేది. పాప తాగగా సగం మిగిలిన పాలు పారబోయడానికి చేయి రాక, గంటకో రెండు గంటలకో అవే పట్టించేది. అన్నం మెతుకు పారేస్తే తప్పని పెరిగిన మనిషి, పాలు పారేస్తుందా? పెద్దల కడుపుకైతే అది చెల్లింది. మూడు నెలల కడుపుకు చెల్లలేదు.

మే నెల రెండో వారంలో పాపకు విరేచనాలు పట్టుకున్నాయి. పొద్దున నాలుగు, మధ్యాహ్నానికి పది. సాయంత్రం హరిత ఆఫీసు నుంచి వచ్చి ఎత్తుకుంటే తల వాలిపోతోంది. కళ్లు లోపలికి పోయాయి, మాడు గుంటపడింది, ఏడిస్తే నీళ్లు రావడంలేదు. హరిత మెట్ల మీద నుంచి "సిస్టర్!" అని అరిచింది. ఆ అరుపు తనదేనా అని తనకే అనుమానం వచ్చింది.

కింది వాటాలో ఉండే హన్నాది మెదక్. పక్క వీధిలో చిన్న నర్సింగ్ హోమ్‌లో పదహారేళ్లుగా సిస్టర్. రోజూ ఎదురుపడితే నవ్వుకోవడమే తప్ప హరిత ఏనాడూ ఆమెతో నాలుగు మాటలు మాట్లాడింది లేదు. మెట్ల కింద నర్సు ఉన్నా తన బాధ చెప్పుకోలేకపోయిన మనిషిని ఏం అనగలం? హన్నా పాపను ఒక్కసారి చూసింది. "ఇగ మాటలొద్దు, నడువుండ్రి" అని తానే ఎత్తుకుని పరుగులాంటి నడకతో తీసుకుపోయింది.

ఒకటిన్నర రోజు సెలైన్ ఎక్కించారు. రెండో రోజు మధ్యాహ్నం పాప కన్నీళ్లతో ఏడ్చింది. గండం గడిచింది, ఫికర్ లేదు అన్నాక హన్నా స్టూలు లాక్కుని కూర్చుంది.

"మొన్నటిదాంక నీ పాలే తాగె గద హరితా? బొద్దుగ ఉండె పిల్ల. ఏమైంది మరి?"

హరిత బదులు రత్నమ్మ చెప్పింది. "ఆఫీసుకు పోతే గడ్డలు కట్టి జరమొచ్చింది. నేనే మల్లెపూలు కట్టినా."

"మల్లెపూలా?" హన్నా లేచి నిలబడింది. "అయ్యో పెద్దమ్మా! అవి బిడ్డ సచ్చిపోయిన తల్లికి గద కట్టేది. బతికున్న పిల్ల తల్లికి ఎవలన్న కడ్తరా?"

అంత గొంతున్న రత్నమ్మ గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. కోడలి వైపు చూసింది.

"నాకు కట్టినారు మే. రంగడి కన్నా ముందర నాకొక పాప. పంతొమ్మిది దినాలు బతికింది. పేరు గూడ పెట్టలేదు. అది పోయినాక పాలు ఆగవే! రైకంతా తడిసిపోతాంటే మా యత్త పూలు తెచ్చి కట్టింది. నాకు తెలిసింది అదొకటే. నీ జరం చూసి భయమయ్యి అదే కట్టినా. బిడ్డ బతికుండాదని మతికి రాలేదు మే నాకు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. హరితకు కోపం వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది? కానీ సగం కోపం తిరిగి తన మీదికే వచ్చింది. ఒక్క మాట అని ఉంటే ఆ పూలు ఇంట్లోకి వచ్చేవి కావు. ఆమె హన్నా చేయి పట్టుకుంది.

"పాలు మళ్లీ వస్తాయా సిస్టర్?"

"ఇంకినవి మల్ల వచ్చేది నేను యాడ చూడలేదు" అంది కింద నుంచి రత్నమ్మ.

"నేను చూసిన" అంది హన్నా. "పిల్ల నోరు తాకుతుంటే వస్తయ్. గని శాన కష్టం. రెండు గంటలకోసారి రొమ్ముకు పెట్టాలె. పది రోజులు పట్టొచ్చు, పదిహేను పట్టొచ్చు. పాలు లేని రొమ్ము పిల్ల ఊకె పట్టదు, ఏడుస్తది. దానికో ఉపాయముంది. ఇద్దరు మనుషులు కావాలె."

ఉపాయం చాలా సులువైనది. తల్లి పాపను రొమ్ముకు పెట్టుకుని కూర్చుంటుంది. రెండో మనిషి పైనుంచి ఉగ్గుగిన్నెతో, అప్పటికప్పుడు కలిపిన పాలు చుక్క చుక్కగా రొమ్ము మీద జారవిడవాలి. చుక్కలు చనుమొన దాకా పారి పాప నోట్లో పడతాయి. పాలు వస్తున్నాయనుకుని పాప చీకుతుంది. చీకితే ఒంటికి తెలుస్తుంది, బిడ్డ ఉంది, పాలు కావాలి అని. సీసాను మాత్రం హన్నా తన చేత్తోనే చెత్తబుట్టలో పడేసింది.

రంగనాథ్ ఎస్టీడీ బూతు నుంచి ఆఫీసుకు ఫోన్ చేసి, అతనికి తెలిసిన విద్యంతా ఉపయోగించి పది రోజుల సెలవు సంపాదించాడు. ఇరవై నాలుగో తారీఖు సోమవారం రాకపోతే ఇక రానక్కర్లేదన్నారు.

మొదటి రోజు పాప రొమ్ము చూస్తేనే వెనక్కి విరుచుకుపడి అరిచింది. సీసాకు అలవాటుపడ్డ నోరు. హరితా రత్నమ్మా మోకాళ్లకు మోకాళ్లు తగిలేలా ఎదురెదురుగా కూర్చున్నారు. అంతవరకు అత్త ముందు పైట కూడా జారనివ్వని కోడలు. "ఏమ్మే, సిగ్గుపడుతాండావా? నేను చూడంది ఏముండాది నీ కాడ?" అని రత్నమ్మ వేళాకోళమాడింది గానీ, ఆమె చేతిలో గిన్నె ఒలికి పాలు ఇద్దరి చీరల మీదా పడ్డాయి. రెండో రోజు పాప నాలుగు నిమిషాలు పట్టింది. మూడో రోజు ఎనిమిది. హరితకు మళ్లీ పగుళ్లొచ్చాయి. నాలుగో రోజు, ఐదో రోజు పిండి చూస్తే ఏమీ లేదు, తేమ కూడా లేదు. ఐదో రోజు మధ్యాహ్నం ఆమె పాపను ఒళ్లో పెట్టుకుని ఏడ్చేసింది.

"నా వల్ల కాదు అత్తా. చాలు."

"నీ వల్ల కాకపోతే ఎవరి వల్ల అయితాది? నా వల్ల అయ్యేదైతే నేనే ఇచ్చేదాన్ని. పట్టు."

హరిత ముక్కు తుడుచుకుని మళ్లీ పట్టింది. రంగనాథ్ వంట చేశాడు. అదేం పప్పో చెప్పడం కష్టం, కానీ వెల్లుల్లి మాత్రం తగ్గకుండా వేశాడు.

ఏడో రోజు పొద్దున పాప వదిలాక రత్నమ్మ రెండు వేళ్లతో మెల్లగా ఒత్తింది. ఒక చుక్క వచ్చింది. చిన్నది, పలచనిది. ఇద్దరూ దాన్నే చూస్తుండిపోయారు. తర్వాత రత్నమ్మ వాకిట్లోకి పోయి "హన్నమ్మా! వచ్చినాయి!" అని పెట్టిన కేకకు వీధిలో వాళ్లు నల్లా వచ్చిందనుకుని బిందెలు తీసుకుని బయటికొచ్చారు. అదేంటని అడిగితే "నీళ్లు కాదులే, పాలు!" అంది రత్నమ్మ, ఏ దాపరికమూ లేకుండా. హరిత సిగ్గుపడింది, నవ్వింది కూడా. ఆ రోజు నుంచి చుక్కలు ధార అయ్యాయి. పదో రోజుకు పాప కడుపులో సగం తల్లి పాలు, సగం గిన్నె పాలు. సగమే.

ఆదివారం సాయంత్రం హన్నా వచ్చి చూసి సంతోషపడింది, వెంటనే హెచ్చరించింది. "జర విను హరితా. ఇయ్యి ఇంక గట్టిపడలే. నువ్వు పొద్దటిసంది పొద్దుగూకేదాంక పిల్లకు ఇయ్యకుంటె మల్ల ఎండుకపోతయ్. నడుమ ఒక్కపారన్న పట్టియ్యాలె. లేకుంటె మీరు పడ్డ కష్టమంత దండుగ."

సోమవారం ఎనిమిదింటికి హరిత తన సిస్టమ్ దగ్గరికి కాకుండా నేరుగా మేనేజర్ భరత్ క్యాబిన్‌కు వెళ్లింది. అతనికి ముప్పై నిండలేదు, పెళ్లి కాలేదు. కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. కూర్చుంటే మాట రాదేమోనని భయం.

"సార్, రోజూ ఒంటిగంటకు నేను కిందికి వెళ్లి మా పాపకు పాలివ్వాలి."

క్యాబిన్ తలుపు తెరిచే ఉంది. హాల్లో టైపు చప్పుడు ఆగిపోయింది. భరత్ కంప్యూటర్ స్క్రీన్ వైపు చూశాడు, టేబుల్ మీద పెన్ను వైపు చూశాడు, హరిత వైపు మాత్రం చూడలేకపోయాడు.

"అంటే... ఫీడింగా... ఇక్కడ అలాంటి ఫెసిలిటీ ఏదీ లేదు కదా హరితా. పాపని ఆఫీస్‌లోకి ఎలా అలో చేస్తాం?"

"ఆఫీసులోకి తీసుకురాను సార్. కింద వాచ్‌మన్ గది ఉంది కదా, అక్కడ. మా అత్తయ్య ఆటోలో తీసుకొస్తారు. అరగంట చాలు. ఆ అరగంట సాయంత్రం కూర్చుంటాను."

"అది కాదు, రేపు అందరూ..."

"అప్పుడు తలనొప్పి అని అబద్ధం చెప్పి పాలు పోగొట్టుకున్నాను సార్. పాప చావు దాకా వెళ్లి వచ్చింది. ఇప్పుడవి మళ్లీ వస్తున్నాయి, ఇంకోసారి పోగొట్టుకోను. కుదరదంటే చెప్పండి, ఇప్పుడే ఇంటికి వెళ్లిపోతాను."

భరత్ పెన్ను మూత పెట్టి తీసి మళ్లీ పెట్టాడు. "ఒక వారం చూద్దాం" అన్నాడు చివరికి. చెమటలు అతనికే పట్టాయి. హరిత వచ్చి కూర్చుంటే మౌనిక పక్కకొచ్చి మెల్లగా అడిగింది, "అప్పుడే నాతో చెప్పొచ్చు కదా?" అని. "సిగ్గేసింది" అంది హరిత.

ఒంటిగంట దాటి ఐదు నిమిషాలైంది. మెట్లు దిగుతుంటే గేటు దగ్గర నుంచి అత్త గొంతు రెండో అంతస్తు దాకా వినబడుతోంది. వాచ్‌మన్ సాయిలు అడ్డం నిలబడ్డాడు. అతనికి ఎవరూ చెప్పలేదు పాపం.

"లోపటికి ఎవ్వర్ని పంపొద్దని ఆర్డరుందమ్మా. జర బయట నిలబడు, పరేషాన్ చేయకు."

"పాలు లోపలుండాయి, ఆకలి బయటుండాది. నడుమ నీదేం పెత్తనమయ్యా?" అంది రత్నమ్మ. ఆమె చంకలో పాప ఎర్రటి ఎండకు కళ్లు చికిలించి, పిడికిలి చీకుతోంది.

హరిత వచ్చి రెండు మాటల్లో చెప్పింది. సాయిలు నాలుక కరుచుకుని పక్కకు తప్పుకున్నాడు. గది అంటే ఎంత, ఒక కుర్చీ, ఒక బల్ల, బల్ల మీద రాకపోకల రిజిస్టరు, గోడకు చిన్న ఫ్యాను. తలుపు లేదు. హరిత కుర్చీ గోడ వైపు తిప్పుకుని కూర్చుంది. రత్నమ్మ గుమ్మంలో నిలబడి కొంగు విప్పి రెండు చేతులా అడ్డం పట్టింది. పాప మొదట తల అటూ ఇటూ తిప్పి విసుక్కుంది. ఆరు గంటలు ఆగిన పాలు, అంతలోనే చేపుకొచ్చాయి. పాప గుటక వేసింది. ఇంకోటి వేసింది. హరితకు ఎవరి చుక్కల సాయమూ లేకుండా పాలు పారుతున్నది తెలుస్తోంది.

అప్పుడే బయట బూట్ల చప్పుడు.

"ఆగు నాయనా" అంది రత్నమ్మ. "లోపల బిడ్డ పాలు తాగుతాంది."

"అమ్మా, నేను ఇక్కడ మేనేజర్‌ని. లంచ్‌కి వెళ్తున్నా. ఆ రిజిస్టర్‌లో ఒక్క సంతకం పెట్టేసి..." భరత్ గొంతు.

"ఎవరైనా గానీ. పాప తాగేదాకా మేనేజరైనా ఆగల్ల."

ఇంత కష్టపడి అడిగిన వారం ఈ ఒక్క మాటతో పోతుందా? హరిత లేవబోయింది. పాప వదల్లేదు, చిన్న చెయ్యి జాకెట్టు అంచు గట్టిగా పట్టుకుంది. హరిత మళ్లీ సర్దుకుని కూర్చుంది. మే నెల ఒంటిగంట ఎండ. ఐదు నిమిషాలు గడిచాయో, పది గడిచాయో. పాప ఈ పక్క ఖాళీ చేసి నోరు వదిలింది.

"అయిందా అమ్మా?" అన్నాడు భరత్.

రత్నమ్మ మెడ తిప్పి లోపలికి చూసింది. పాప పెదవుల పక్క పాలు కారుతున్నాయి. ఆమె ముఖమంతా నవ్వయింది. కొంగు దించకుండానే అతనివైపు తిరిగింది.

"ఇంకో పక్క ఉండాది నాయనా."

అతను చేతిలో ఫైలు తల మీద పెట్టుకుని, వెళ్లి సాయిలు పక్కన గోడ నీడలో నిలబడ్డాడు. హరిత పాపను రెండో పక్కకు మార్చుకుంది.